నేలమీద చుక్క పడని కారు

కుంపటి మేస్త్రి షెడ్డులో గోడకి ఒక రేకు బోర్డు ఉంటుంది. పసుపు రంగు మీద నల్ల అక్షరాలు, ఆయనే స్వయంగా రాసుకున్నవి: "ఇక్కడ బ్రేక్ ఆయిల్ పోయబడదు. కారణం వెతకబడును." ఎవరైనా కారు ఆపి, ఆయిల్ కాస్త తగ్గింది మేస్త్రీ, రెండు చుక్కలు పోసి పంపించు అన్నారంటే ఆయన మాట్లాడడు. వేలితో బోర్డు చూపిస్తాడు. చదివాక కూడా నసిగేవాళ్ళుంటే అప్పుడు మొదలవుతుంది. అది ఎండకి ఆవిరయ్యే నీళ్ళా, మూత బిగించిన డబ్బాలోది వారం వారం తగ్గుతోందంటే ఎక్కడో కారుతున్నట్టు కాదా, కారే చోటు పట్టుకోకుండా పైనుంచి పోసేవాడు మెకానిక్కా హంతకుడా అని, వీధి చివర దర్జీ కొట్టుకి వినబడేంత గొంతుతో. దర్జీ మిషను ఆపి వింటాడు. అతనికి అదంతా కంఠతా వచ్చు.

ఆ బోర్డుకి ఒక కారణం ఉంది. ముప్ఫై ఏళ్ళ కిందట, షెడ్డు పెట్టిన కొత్తలో, తొందరలో ఉన్న ఒక గుమాస్తా కారుకి మేస్త్రి అలాగే రెండు చుక్కలు పోసి పంపించాడు. ఆ కారు సాయంత్రానికల్లా కల్వర్టు గోడని గుద్దుకుంది. గుమాస్తా బతికాడు. ఇప్పటికీ ఆ వీధిలోనే, ఎడమ కాలు ఈడుస్తూ కూరగాయలకి వెళ్తాడు. షెడ్డు ముందు ఆగి, ఏం మేస్త్రీ బాగున్నావా అని నవ్వుతూ పలకరిస్తాడు కూడా. ఆ పలకరింపునే మేస్త్రి భరించలేడు. ఆ పూట ఇక ఎవరు కనబడితే వాళ్ళకి మూడిందన్నమాటే.

కోపిష్టి మనిషి మనసు మంచిదని ఓ మాట లోకంలో తిరుగుతూ ఉంటుంది. అది ఆ మనిషితో ఒకే కప్పు కింద బతకనివాళ్ళు పుట్టించిన మాట. మేస్త్రి మనసు మంచిదే, ఎవరు కాదన్నారు? కానీ ఇంట్లోవాళ్ళకి ఎదురయ్యేది మనసు కాదు, గొంతు. అందుకని ఆ ఇంట్లో ఏ వస్తువూ పాడవదు. అంటే, ఆయనకి తెలిసేలా పాడవదు. అంచు విరిగిన పింగాణీ కప్పు ఆయన చూడకముందే మాయమైపోతుంది. గట్టిగా వేస్తే ఊడొచ్చే తలుపు గడియని మెల్లగా వేయడం అందరూ నేర్చుకున్నారు. వంటింటి కుళాయి రెండేళ్ళుగా కారుతోంది. చుక్క టప్‌మంటే వినబడుతుందని ఆయన భార్య కుళాయి మూతికి దారం కట్టింది. నీళ్ళు దారం పట్టుకుని చప్పుడు లేకుండా గిన్నెలోకి దిగుతాయి. ముప్ఫై ఏళ్ళు యంత్రాల చప్పుళ్ళు విని రోగం చెప్పిన మనిషి తన ఇంట్లో కారే కుళాయిని రెండేళ్ళు వినలేదు.

ఇక కారు సంగతి. ఇరవై ఆరేళ్ళ పాతది, ఎవరో తుక్కు కింద వదిలేసి పోతే మేస్త్రి ఏడాదిపాటు మరమ్మతు చేసి కూతురి చేతికి ఇచ్చాడు. కూతురు నర్సు. మంచం దిగలేని రోగుల ఇళ్ళకి వెళ్ళి కట్లు మారుస్తుంది, గొట్టాలు శుభ్రం చేస్తుంది. ఆ ఇళ్ళలో సగం కొండవాలు పేటలో ఉన్నాయి. పైకెళ్ళడం ఒక ఎత్తు, దిగడం ఒక ఎత్తు. కిలోమీటరు పొడవున వాలు, వాలు అడుగున సరిగ్గా స్కూలు గేటు. పొద్దున ఏడున్నరకి ఆమె మొదటి రోగిని చూసుకుని కిందకి దిగే వేళకి ఆ గేటు ముందు రోడ్డంతా పిల్లలే.

ఆ వాలు తలుచుకునే మేస్త్రి ఆదివారం తనిఖీ పెట్టాడు. ప్రతి ఆదివారం పొద్దున బానెట్ ఎత్తి, బ్రేక్ ఆయిల్ డబ్బా మీద తను గీసిన నల్ల గీత దగ్గర కళ్ళు పెట్టి చూస్తాడు. ఆయిల్ గీతని అంటుకునే ఉంటుంది. చూశావా, ఇరవై ఆరేళ్ళ బండి, ఒక్క చుక్క తగ్గదు అని బావమరిదితో అంటాడు. బావమరిది షెడ్డులో ఆయనకి కుడిభుజం, మాట తక్కువ మనిషి. అవును బావా అంటాడు. నెలలపాటు ప్రతి ఆదివారం ఇదే నడిచింది.

ఒక శనివారం మధ్యాహ్నం కూతురు కారు తెచ్చి షెడ్డు ముందు ఆపింది. దిగింది గానీ తలుపు పట్టుకునే నిలబడింది. వాలులో పెడల్ కిందకి పోయిందని చెప్పింది. మొదట బాగానే పట్టిందట, అలా తొక్కి పట్టుకుని దిగుతూ ఉంటే కాలి కింద మెల్లగా నేలకి జారిపోయిందట. రెండుమూడు సార్లు గబగబా తొక్కి, హ్యాండ్ బ్రేక్ లాగితే, స్కూలు గేటుకి జానెడు దూరంలో ఆగింది. శనివారం ఒంటిపూట బడి కాబట్టి గేటు ముందు ఎవరూ లేరు.

మేస్త్రి గుండె గుభేలుమంది. గుభేలుమన్న గుండె ఆయనలో ఎప్పుడూ ఒకటే దారి పడుతుంది. ఇంతెత్తున లేచాడు. వాలులో గేరు దించకుండా బ్రేకు మీదే కాలేసుకుని కూర్చుంటే ఏమవుతుందో తెలియదా అన్నాడు. బానెట్ ఎత్తాడు. ఆయిల్ గీత దగ్గరే ఉంది, నిండుగా.

"ఇదిగో, చూడు. చుక్క తగ్గలేదు. తప్పు బండిది కాదు, నీ కాలిది," అన్నాడు.

కూతురు ఆ డబ్బా వంక చూసింది. తాళాలు బల్ల మీద పెట్టి, సోమవారం పొద్దున ఆరింటికి తనకి బండి కావాలని, లేకపోతే పైపేటలో నలుగురికి కట్లు మార్చే దిక్కు లేదని చెప్పి, నడిచి ఇంటికి వెళ్ళిపోయింది.

నోటితో కూతురి కాలిదే తప్పని అన్నాడు గానీ, మేస్త్రి చేతులు ఆ మాట నమ్మలేదు. ఆదివారం పొద్దున్నే షెడ్డు తీసి, ఇంజన్ నడుస్తుండగా సీట్లో కూర్చుని పెడల్ తొక్కి పట్టుకున్నాడు. గట్టిగానే తగిలింది. ఇరవై అంకెలు లెక్కపెట్టాడు, ముప్ఫై లెక్కపెట్టాడు. నలభై దగ్గర కాలి కింద కదలిక. వెన్నలోకి దిగినట్టు, మెల్లగా, ఏ చప్పుడూ లేకుండా పెడల్ నేలకి దిగిపోయింది. ఆయన కాలు తీయకుండా అలాగే కూర్చున్నాడు. అందరి మీదా వచ్చే కోపం ఈసారి ఆ కారు మీదకి వచ్చింది. తన చేత్తో బిగించిన బండి, తన బిడ్డ ప్రాణం మీదకి తెచ్చింది.

కారు కింద తెల్ల కాగితాలు పరిచి, బావమరిదిని యాభై సార్లు పెడల్ తొక్కమన్నాడు. కాగితాల మీద ఒక్క మరక లేదు. జాకీలు పెట్టి నాలుగు చక్రాలూ ఊడదీశాడు. వెనక బ్రేకు డ్రమ్ములు విప్పితే లోపల పొడి దుమ్ము తప్ప తడి లేదు. ముందు చక్రాల దగ్గర రబ్బరు గొట్టాలు వంచి చూశాడు. కింద నుంచి పాకే ఇనప పైపుని ఈ చివర నుంచి ఆ చివరకి వేళ్ళతో తడిమాడు, పెట్రోలు ట్యాంకు పైనుంచి పోయే చోట చెయ్యి దూరకపోతే ట్యాంకు దించి మరీ తడిమాడు. మోచేయి గీరుకుంది. పెడల్ దగ్గర కార్పెట్ చింపినంత పని చేసి లేపాడు. అక్కడా పొడే. మేస్త్రి స్పానర్ని నేలకేసి కొట్టాడు. కారును, దాన్ని చేసినవాణ్ణి, దాన్ని వదిలేసి పోయినవాణ్ణి వరసపెట్టి దుమ్మెత్తి పోశాడు. ఎటూ ఈ పాటికి అన్నీ ఊడొచ్చాయి కదా, మొత్తం కొత్తవి వేసేద్దామా బావా అన్న పాపానికి బావమరిదికీ అందులో వాటా దక్కింది. తెలియని రోగానికి ఉన్న మందులన్నీ మింగించేవాడి పేరు ఏమిటో చెప్పమని నిలదీశాడు.

పదకొండు గంటల వేళ మేస్త్రి ఇంజన్ మీదకి వంగి, బ్రేక్ ఆయిల్ డబ్బా కింద ఉండే మాస్టర్ సిలిండర్ని చూస్తూ ఉండిపోయాడు. పెడల్ తొక్కితే ఆయిల్ని నాలుగు చక్రాలకీ తోసేది అదే. దాని వీపుకి ఆనుకుని నల్లటి పెద్ద గుండ్రటి రేకు డబ్బా, బూస్టర్. కాలి బలాన్ని పెంచేది అది, లోపల అంతా గాలి పని, అందులో ఆయిల్ ఉండకూడదు. రెండూ కలిసే చోట, కింది అంచున, రూపాయి బిళ్ళంత మేర నల్ల రంగు పొక్కి లేచింది.

బ్రేక్ ఆయిల్‌కి రంగంటే పడదు. తగిలిన చోటల్లా రంగుని పొక్కించి తినేస్తుంది. మేస్త్రి ఆ పొక్కుని గోటితో గీకాడు. వేలు వాసన చూసుకున్నాడు. టార్చి పట్టుకో అని బావమరిదితో అన్నాడు.

రెండు నట్లు విప్పి మాస్టర్ సిలిండర్ని ముందుకి లాగాడు. బూస్టర్ నోట్లోకి వెలుతురు పడింది. అడుగున ఆయిల్ నిలబడి మెరుస్తోంది. సిలిండర్ వెనక రబ్బరు సీలు అరిగిపోయి, కారిందంతా నేలమీద పడకుండా ఆ డబ్బా కడుపులోకి దిగుతూ వచ్చింది. అక్కణ్ణుంచి కాస్త కాస్త ఇంజన్ పీల్చేసుకుని కాల్చేసింది కూడా. బయటికి చుక్క రాదు, మరక ఉండదు. కూతురు ఎప్పుడో ఇచ్చిన పెద్ద సిరంజికి గొట్టం తగిలించి, లాగి ఒక సీసాలో పోయడం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. ఎనిమిదో సిరంజికి గానీ బూస్టర్ ఖాళీ కాలేదు.

దొంగ దొరికాడన్న సంతోషం ఒక్క నిమిషం నిలిచింది. తర్వాత సీసాలోకి తీసిన ఆయిల్ వంక చూశాడు. పైన ఉన్న ఆయిల్ డబ్బా మొత్తం వంచినా ఇందులో సగం రాదు. ఇంత కిందకి దిగిపోతే గీత దగ్గర ఆయిల్ ఎలా నిలబడింది? ఎలా నిలబడుతుంది, ఎవరో పోస్తే తప్ప?

బావమరిది చేతిలో టార్చి వెలుతురు కాస్త పక్కకి జరిగింది. మేస్త్రి తల తిప్పకుండానే అడిగాడు.

"నువ్వేనా?"

"మూడు సార్లు బావా. ఆదివారం నువ్వు చూస్తావని... శనివారం సాయంత్రం చూసి, తగ్గి ఉంటే పోశాను. చెబుదామనే అనుకున్నాను."

ఆ షెడ్డులో, ఆ బోర్డు కింద, తన కుడిభుజమే పోశాడు. తర్వాత మేస్త్రి అన్న మాటలు ఇక్కడ రాయడం నాకిష్టం లేదు. దర్జీ ఆ రోజు సెలవు కాబట్టి వినలేదు, వింటే అతనికీ కొత్తవే. చివరికి, నా షెడ్డులోంచి పో అన్నాడు. బావమరిది టార్చి ఆర్పి బల్ల మీద పెట్టాడు. చేతులు తుడుచుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి, నేను పోసింది కలిపి టీ గ్లాసుడు కూడా ఉండదు బావా, అది మాత్రం సీసాడుంది అని చెప్పి వెళ్ళిపోయాడు.

కొత్త మాస్టర్ సిలిండర్ అల్మరాలో ఉంది. బూస్టర్‌ని వెనకాల పడున్న అదే రకం తుక్కు బండిలోంచి పీకి, నోటితో పీల్చి, గాలి పట్టి ఉంచుతోందని రూఢి చేసుకుని బిగించాడు. ట్యాంకు ఎత్తి కట్టాడు, డ్రమ్ములు మూశాడు. అంతవరకూ ఒంటి చేత్తో అయింది. కానీ పైపుల్లో చేరిన గాలి తీయడం ఒంటరి మనిషి వల్ల కాదు. ఒకరు చక్రం దగ్గర పడుకుని గాలి వదిలే మర విప్పాలి, ఒకరు సీట్లో కూర్చుని పెడల్ తొక్కాలి. తొక్కే మనిషిని ఇప్పుడే తరిమేశాడు.

మేస్త్రి ఇంటికి నడిచాడు. చేతులు కడుక్కుందామని వంటింట్లోకి వెళ్ళి కుళాయి మీద చెయ్యి వేస్తే వేళ్ళకి దారం తగిలింది. తడిసి నాచుపట్టిన దారం. కుళాయి కట్టేసే ఉంది, దారం వెంట నీళ్ళు దిగుతున్నాయి. ఆయన దారాన్ని చూశాడు, గిన్నెని చూశాడు, పొయ్యి దగ్గర నిలబడిపోయిన భార్యని చూశాడు. దారం తెంపేశాడు. చుక్క గిన్నెలో టప్‌మంది.

"ఎన్నాళ్ళయింది?" అన్నాడు.

"రెండేళ్ళు."

"కారులో ఆయిల్ పోస్తున్నారని కూడా తెలుసా నీకు?"

"తెలుసు. అమ్మాయి పోస్తోందని తమ్ముడికి తెలియదు, తమ్ముడు పోస్తున్నాడని అమ్మాయికి తెలియదు. ఇద్దరూ నాకే చెప్పారు, మీకు చెప్పొద్దని. అది మామూలు నూనెలాంటిదేమో అనుకున్నాను. ప్రాణం మీదకొస్తుందని నాకేం తెలుసు?" ఆమె పొయ్యి ఆర్పి ఆయన వైపు తిరిగింది. "మీకు చెబితే ఏముంది? కారడం ఆగుతుందో లేదో గానీ, ఇల్లు మాత్రం మూడు రోజులు మండుతుంది."

ముప్ఫై ఏళ్ళలో ఆమె అలా మాట్లాడటం మేస్త్రికి గుర్తులేదు. ఆయనకి ఒళ్ళు మండిపోయింది. ఏమని అరవాలో మాత్రం వెంటనే తోచలేదు. ముందుగదిలోకి వెళ్ళి, పెడల్ తొక్కడానికి ఒక మనిషి కావాలి అని గోడకేసి చూస్తూ అన్నాడు. కూతురు లేచి చెప్పులు వేసుకుంది.

గాలి తీసే పని దూరపు చక్రం నుంచి మొదలవుతుంది. మేస్త్రి వెనక చక్రం పక్కన వెల్లకిలా పడుకుని, మరకి సన్న గొట్టం తగిలించి, దాని కొస సీసాలో ముంచాడు. నొక్కు అంటే ఆమె తొక్కి, నొక్కా అనాలి. ఆయన మర విప్పి, బుడగలు పోయాక బిగించి, వదులు అనాలి. మొదటి చక్రం అయ్యేదాకా వాళ్ళిద్దరి మధ్యా ఆ మూడు మాటలు తప్ప నాలుగోది లేదు. ఆయనకి ఆమె మొహం కనబడదు, ఆమెకి ఆయన మొహం కనబడదు.

రెండో చక్రం దగ్గర, నొక్కు అనాల్సిన చోట, "ఎప్పట్నుంచి?" అన్నాడు.

"వానాకాలం నుంచి. సీటు కింద చిన్న సీసా పెట్టుకున్నాను."

"నిన్న?"

"గేటు దగ్గర ఆగాక బానెట్ ఎత్తి చూశాను. సగానికి దిగిపోయింది. గీత దాకా పోసి తెచ్చాను."

మేస్త్రి తలకాయ కారు అడుక్కి కొట్టుకుంది. చావు తప్పించుకున్న పిల్ల మొదట చేసిన పని నాన్న చూడకుండా గీత సరిచేయడం. ఆ గీత చూసే కదా, తప్పు నీ కాలిది అన్నాడు. కోపం కట్టలు తెంచుకుంది.

"నువ్వు నర్సువేనా అసలు? రోగికి జ్వరం ఉంటే థర్మామీటర్ని చన్నీళ్ళలో ముంచి, తగ్గిందని రాసుకుంటావా?" అని అరిచాడు.

"ముంచను," అంది కూతురు. ఆమె గొంతు కూడా పెరిగింది. "నేను తిడతానని భయపడితే రోగి నాకు నొప్పి చెప్పడు నాన్నా. చెప్పకపోతే నాకు తెలిసే దారి లేదు. అందుకని నేను తిట్టను."

పైన పెడల్ మీద ఆమె కాలు, కింద మర మీద ఆయన చెయ్యి. గొట్టంలో ఒక బుడగ ఆగిపోయి ఉంది. మేస్త్రి దాన్నే చూస్తూ పడుకున్నాడు. తను గొప్పగా చెప్పుకున్న ఆదివారాలన్నీ గుర్తొచ్చాయి. వానాకాలం నుంచి ఎన్ని ఆదివారాలు? ఆ ఆదివారాలన్నీ ఆయన ఆయిల్‌ని చూడలేదు, తన కోపానికి భయపడి వీళ్ళు పోసినదాన్ని చూశాడు. గుమాస్తాకి పోసింది ఒక్కసారి. ఇక్కడ తన బిడ్డ బండికి అయిదు నెలలపాటు, తన చెయ్యి తగలకుండానే, తనే పోశాడు. ఎవరి మీద అరవాలో తెలియక పళ్ళు బిగించుకున్నాడు. తర్వాత, నొక్కు అన్నాడు. నొక్కా అంది.

నాలుగు చక్రాలూ అయ్యాక ఇంజన్ వేసి పెడల్ తొక్కి పట్టుకోమన్నాడు. తనే పైకి లెక్కపెట్టాడు, నూట యాభై దాకా. పెడల్ కదల్లేదు. అయినా వాలు దిగి చూడాలి. దారిలో బావమరిది ఇంటి ముందు కారు ఆపించి, దిగకుండానే, రేపు తొమ్మిదింటికి షెడ్డు తియ్యాలని గుర్తు చేశాడు. అలాగే బావా అన్నాడు బావమరిది అరుగు మీద నుంచి. అంతకన్నా క్షమాపణ చెప్పడం మేస్త్రికి చేతకాదు.

కూతురు నడిపింది, ఆయన పక్క సీట్లో హ్యాండ్ బ్రేక్ మీద చెయ్యేసి కూర్చున్నాడు. మొదటిసారి దిగారు. రెండోసారి దిగారు. మూడోసారి ఆయనే, గేరు దించకు, బ్రేకు మీదే దిగు అన్నాడు. పెడల్ రాయిలా నిలబడింది. మూసి ఉన్న స్కూలు గేటుకి ఇరవై అడుగుల ఇవతల కారు మెత్తగా ఆగింది. మేస్త్రి హ్యాండ్ బ్రేక్ మీద నుంచి చెయ్యి తీశాడు.

"ఇకమీదట ఏది తగ్గినా నాకు చెప్పు," అన్నాడు.

"చెబితే అరుస్తావు."

"అరుస్తాను. అయినా చెప్పు."

కూతురు ఇంజన్ ఆపేసింది. రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టుకుంది.

"క్లచ్ మూడు నెలలుగా జారుతోంది నాన్నా."

మేస్త్రి అరిచాడు. మాట ఇచ్చినట్టే అరిచాడు. గేటు లోపల నుంచి కాపలాదారు బయటికొచ్చి చూశాడు. మూడు నెలలు జారే క్లచ్‌తో ఈ కొండ ఎక్కుతున్నావా అన్నాడు, బండిని అంటున్నాడో ఆమెని అంటున్నాడో తెలియకుండా డ్యాష్‌బోర్డు మీద చరిచాడు. కూతురు తల దించుకోలేదు, తలుపు తీయలేదు. వానలో చూరు కింద నిలబడ్డ మనిషిలా, తగ్గేదాకా కూర్చుంది. ఆయన ఊపిరి పీల్చుకోవడానికి ఆగాడు.

"ఇంకా రెండున్నాయి," అంది. "చెప్పనా?"

ఆయన మొహం ఇంకా ఎర్రగానే ఉంది. అద్దం దించి, కాపలాదారుని లోపలికి పొమ్మని చెయ్యి ఊపాడు.

"చెప్పు," అన్నాడు.